బడి మెట్టు ఎక్కనివ్వకుండా నైపుణ్యం ఎక్కడిది? దామోదరం సంజీవయ్య జీవితం అడిగే ప్రశ్న

మదనపల్లె నుంచి కదిరి వైపు పోయే రోడ్డు మీద అంగళ్లు తగులుతుంది. టమాటా లారీలు, ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. అంగళ్లు ఉన్న కురబలకోట మండలంలోనే దేశమంతా పేరున్న రిషివ్యాలీ పాఠశాల ఉంది. అదే మండలంలో ఎస్సీ కాలనీల పిల్లలు చదివే సర్కారు బడులూ ఉన్నాయి. కొద్ది కిలోమీటర్ల దూరంలో మూడు రకాల చదువులు. ఒక రకం బడిలో చేరిన పిల్లవాడు ఇంకో రకం బడిలోకి మారడం మాత్రం చాలా అరుదు.

మా పరిశోధన పని మీద ఈ రోడ్డున తిరిగినప్పుడల్లా రెండు మాటలు వింటుంటాం. వర్క్‌షాపు నడిపేవాళ్లు, ఇళ్లు కట్టించేవాళ్లు పని తెలిసిన మనిషి దొరకడం లేదంటారు. కాలనీలో పది చదివి, ఐటీఐ దాకా పోయి వచ్చిన కుర్రాళ్లు పని దొరకడం లేదంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మరి ఈ రెండు మాటల మధ్య ఉన్నదేమిటి? జవాబు కోసం మేము గణాంకాల కంటే ముందు ఒక మనిషి జీవితం దగ్గరికి వెళ్లాం. ఆయన రాయలసీమ మనిషి, వెలివాడ బిడ్డ, లెక్కలు చదివినవాడు. ఈ దేశంలో ఐటీఐలకు, అప్రెంటిస్‌షిప్‌కు బాధ్యత వహించిన శాఖకు మంత్రిగా పనిచేసినవాడు. ఆయన పేరు దామోదరం సంజీవయ్య.

సంజీవయ్యను తొలి దళిత ముఖ్యమంత్రిగా మనం తలుచుకుంటాం. ఫిబ్రవరి 14 వస్తే పూలదండలు వేస్తాం, నిజాయితీపరుడని పొగుడుతాం. ఆయన బతుకులోని ఒక్కో మలుపు ఈ దేశపు బడి గురించి, పని గురించి ఏం చెబుతున్నదో మాత్రం పెద్దగా మాట్లాడుకోం. ఈ వ్యాసంలో మేము చేసేది అదే.

పెద్దపాడు పిల్లవాడు

కర్నూలు పక్కన పెద్దపాడు. 1921 ఫిబ్రవరి 14న అక్కడి మాల కుటుంబంలో మునెయ్య, సుంకులమ్మలకు సంజీవయ్య పుట్టారు. సొంత భూమి లేదు. నేతపని, కూలిపని చేసుకుని బతికే ఇల్లు. బిడ్డ పుట్టిన మూడు రోజులకే తండ్రి చనిపోయాడు. తల్లి పిల్లలతో పుట్టింటివాళ్ల ఆసరాకు పాలకుర్తి వెళ్లింది. అక్కడ సంజీవయ్య పశువులు కాశారు. కొన్నేళ్లకు మళ్లీ పెద్దపాడు చేరారు. అన్న చిన్నయ్య కూలికి పోతూ తమ్ముణ్ణి బడికి పంపాడు.

ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఒక ఇంట్లో ఒకరు చదవాలంటే ఇంకొకరు కూలికి పోవాలి. చిన్నయ్య చదివి ఉంటే ఏమయ్యేవాడో ఎవరూ చెప్పలేరు. మన వాడల్లో చదివిన ప్రతి ఒక్కరి వెనకా చదవని అన్నో అక్కో ఉంటారు. దేశం తన నైపుణ్యాన్ని లెక్కపెట్టేటప్పుడు చదివినవాణ్ణి లెక్కపెడుతుంది. ఆ చదువు కోసం చదువు మానుకున్నవాళ్లు ఎక్కడా నమోదు కారు.

పెద్దపాడులో నాలుగో తరగతి దాకా చదివారు. తర్వాత కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ బడి. ఆనాడు సీమ జిల్లాల్లో అంటరాని కులాల పిల్లలకు తలుపు తీసిన బడులు చాలా చోట్ల మిషన్ బడులే. 1935లో కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో చేరి, 1938లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ జిల్లాలో మొదటివాడిగా పాసయ్యారు. పశువులు కాసిన పిల్లవాడు జిల్లాకు మొదటివాడు కావడం గొప్ప సంగతే. దాన్ని అద్భుతంగా చూపి వదిలేయడం మాత్రం తప్పు. ఆయనకు బడి దొరికింది, ఆ బడిలో చదువు చెప్పేవాళ్లున్నారు. అదే వాడలో ఆయన ఈడు పిల్లలకు ఆ రెండూ దొరకలేదు. తేడా అక్కడే ఉంది.

ఇంకో పోలిక కూడా చెప్పాలి. 1926లో మదనపల్లె దగ్గరి లోయలో జిడ్డు కృష్ణమూర్తి విద్యాలయం కోసం భూమి సమకూర్చుకున్నారు. తర్వాత రిషివ్యాలీగా పేరు తెచ్చుకున్నది అదే. అంతకు ముందే, 1915లో, మదనపల్లెలో అనీ బిసెంట్ పేరుతో దివ్యజ్ఞాన సమాజం వాళ్ల కాలేజీ వచ్చింది. 1926లో సంజీవయ్యకు ఐదేళ్లు. ఒకే సీమలో ఒక చివర పిల్లవాడి మనసు ఎలా వికసించాలన్న చర్చ నడుస్తుంటే, ఇంకో చివర ఒక పిల్లవాడికి అసలు బడి గడప తొక్కే దారి ఉందా లేదా అన్నది ప్రశ్న.

చేతిలో డిగ్రీ, చేసేది చిల్లర పని

అనంతపురంలోని దత్తమండల కళాశాలలో సంజీవయ్య గణితం, ఖగోళశాస్త్రం చదివారు. తర్వాతి కాలంలో ఆయన రాజకీయ జీవితంతో ముడిపడిన నీలం సంజీవరెడ్డి కూడా అంతకు ముందు అక్కడే చదివారు. సంజీవయ్య 1942లో బీఏ పూర్తి చేశారు. దళితుల్లో లెక్కలతో డిగ్రీ చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టే కాలం అది.

అది యుద్ధకాలం కూడా. కర్మాగారాలకు, సైన్యానికి సాంకేతిక పనివాళ్లు కావాలని బ్రిటిష్ ప్రభుత్వం పరుగులు తీస్తున్నది. యుద్ధ సాంకేతిక నిపుణుల శిక్షణ పథకం నడుస్తున్నది. అదే 1942 జులైలో బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా చేరారు. ఆ ఏడాది అక్టోబరులో ఆయన ప్రభుత్వానికి ఒక వినతిపత్రం ఇచ్చారు. అంటరాని కులాల విద్యార్థులకు విజ్ఞానశాస్త్ర, సాంకేతిక విద్య కోసం దేశంలోనూ విదేశాల్లోనూ చదివేందుకు స్కాలర్‌షిప్‌లు కావాలని అందులో అడిగారు. వకాల్తా చదువులతోనే సరిపెట్టుకుంటే యంత్రాల యుగంలో తన జనం మళ్లీ బయటే మిగిలిపోతారని ఆయనకు తెలుసు. షెడ్యూల్డ్ కులాల ఉపకార వేతనాలు 1944లో మొదలయ్యాయి. సంజీవయ్య డిగ్రీ అప్పటికి రెండేళ్ల క్రితమే అయిపోయింది.

దేశానికి లెక్కలు వచ్చినవాళ్లు కావాల్సిన ఆ రోజుల్లో ఈ లెక్కల పట్టభద్రుడు ఏం చేశారు? కర్నూలు రేషనింగ్ ఆఫీసులో 48 రూపాయల జీతానికి గుమాస్తాగా కుదిరారు. ఆ ఉద్యోగమూ నిలవలేదు. కొంతకాలం బళ్లారిలో కేంద్ర ప్రజాపనుల శాఖలో పనిచేశారు. 1946లో మద్రాసు లా కాలేజీలో చేరారు. ఖర్చుల కోసం మద్రాసులోనే ఒక హైస్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పారు. చివరకు లాయరయ్యారు.

ఆయన లాయర్ కావడం వల్ల మనకు ఒక ముఖ్యమంత్రి దొరికారు, కాబట్టి నష్టమేమీ లేదనిపించవచ్చు. కానీ ప్రతి సంజీవయ్యా ముఖ్యమంత్రి కాడు. ఆనాడు చదువుకున్న దళితుడికి గుమాస్తాగిరీ, బడిపంతులు ఉద్యోగం, వకాల్తా తప్ప యంత్రం వైపు, ప్రయోగశాల వైపు దారి తెరుచుకోలేదు. నైపుణ్యం గల మనుషుల కొరత అంటే మనుషుల కొరత అని అర్థం కాదు. ఉన్న మనిషికి దారి లేకపోవడం కూడా కొరతే. ఈ రెండో కొరతను ఈ దేశం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

సగం పూట బడి

1950లో సంజీవయ్య తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజగోపాలాచారి మంత్రివర్గంలో సహకార, గృహనిర్మాణ శాఖల మంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు.

ఆ ప్రభుత్వమే 1953లో పల్లెటూరి ప్రాథమిక బడుల కోసం ఒక కొత్త పథకం తెచ్చింది. పిల్లలకు రోజులో ఒక పూటే బడి. మిగతా సమయం తల్లిదండ్రుల దగ్గర వాళ్ల వృత్తి నేర్చుకోవాలి. రెండు పూటలా రెండు బ్యాచ్‌లు నడిపితే ఉన్న పంతుళ్లతోనే ఎక్కువ మందికి చదువు చెప్పవచ్చని, చేతిపని నైపుణ్యమూ పోదని ప్రభుత్వం వాదించింది. ఇది పట్నం బడులకు వర్తించలేదు. తమిళ ప్రాంతంలో పెరియార్ అనుచరులు, ద్రవిడ పార్టీలు దీన్ని కులవిద్య అని పిలిచి వీధుల్లోకి వచ్చారు. 1954 ఏప్రిల్‌లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక మే నెలలో మద్రాసు రాష్ట్రంలో ఆ పథకాన్ని ఎత్తేశారు. అంతకు ముందే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. సంజీవయ్య కర్నూలు రాజధానిగా ఏర్పడిన కొత్త రాష్ట్రపు మంత్రివర్గంలోకి వచ్చారు.

విద్యాశాఖ సంజీవయ్య చేతిలో లేదు. అయినా ఆ మంత్రివర్గంలో ఆయన ఉన్నారన్న సంగతిని మేము దాచిపెట్టదలచుకోలేదు. ఆయన జీవితంలో ఇది చాలా ఇబ్బందికరమైన మలుపు. ఎందుకంటే అలాంటి పథకం ఆయన చిన్నప్పుడే ఉండి ఉంటే ఏమయ్యేది? పొద్దున ఒక పూట బడి, మధ్యాహ్నం పాలకుర్తి పశువుల వెంట. జిల్లాలో మొదటి ర్యాంకు కాదు కదా, హైస్కూలు గడప దాకా కూడా వచ్చేవారు కాదేమో.

చేతిపని మీద గౌరవంతోనే ఆ పథకం పెట్టామన్నవాళ్లు ఒక చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చేతిపని అంత గొప్పదైతే పట్నం పిల్లలకు, వకీళ్ల పిల్లలకు అది ఎందుకు నేర్పలేదు? పని నేర్పడం తప్పు కాదు. ఎవరి పిల్లలకు ఏ పని అన్నది పుట్టుకతో తేల్చడం తప్పు.

1960 జనవరి

భారత రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చినప్పుడు 45వ అధికరణంలో ఒక గడువు పెట్టుకుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేళ్లలో అందించే ప్రయత్నం చేస్తానంది. అంటే 1960 జనవరి 26 నాటికి.

1960 జనవరి 11న దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లడంతో, ముఠాల మధ్య రాజీగా ఆయనకు ఆ కుర్చీ వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చున్న పదిహేను రోజులకు రాజ్యాంగం పెట్టుకున్న గడువు ముగిసింది. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 21 శాతం. దేశం మొత్తం మీద అది 24 శాతమైతే, షెడ్యూల్డ్ కులాల్లో 10 శాతం దాటి కొద్దిగా ఉంది. పదిమంది దళితుల్లో తొమ్మిది మంది అక్షరం ముక్క రానివాళ్లుగా మిగిలిన దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి అయ్యాడు. పత్రికలు మొదటి సంగతి కంటే రెండోదాన్నే గొప్పగా రాశాయి.

రెండేళ్ల రెండు నెలల పాలనలో ఆయన చేసిన పనులు తక్కువేమీ కావు. వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టారు. భూమి లేనివాళ్లకు 6 లక్షల ఎకరాల ప్రభుత్వ భూమి పంచారు. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖను ఏర్పాటు చేశారు. పరిశ్రమల అభివృద్ధి సంస్థ ఆయన కాలంలోనే పుట్టింది. 1961లో రాష్ట్రానికి ప్రాథమిక విద్య చట్టం వచ్చింది.

అదే కాలంలో పైచదువుల భవనాలు కూడా లేస్తున్నాయి. వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో వచ్చింది. ఆ తర్వాత హైదరాబాద్ చుట్టూ రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం పైకి వచ్చాయి. ఇంజనీర్లు కావాలి కాబట్టి ఇంజనీరింగ్ కాలేజీ. ఫిట్టర్లు, టర్నర్లు కావాలి కాబట్టి ఐటీఐ. ఈ లెక్క ప్రభుత్వానికి తెలుసు. ఐటీఐ గేటు దగ్గర ఎనిమిదో తరగతి, పదో తరగతి పాసైన కాగితం అడుగుతారు. ఆ కాగితం ఇచ్చే బడి వాడ దాకా రాలేదు. మేడ మీది గదులు కట్టారు కానీ కింది మెట్లు పూర్తి చేయలేదు. మెట్లు లేని మేడలోకి ముందునుంచీ పైన ఉన్నవాళ్లే వెళ్లగలరు.

దీనికి సంజీవయ్య ఒక్కరినే నిలదీయడం అన్యాయం. ఆయన చేతిలో ఉన్నది రెండేళ్లు, వెనక ఉన్నది తన సొంత ముఠా కూడా లేని కుర్చీ. 1962 మార్చిలో సంజీవరెడ్డి తిరిగి రాగానే ఆ కుర్చీ ఖాళీ చేయాల్సి వచ్చింది. అయినా ఆ లోటు ఆయన కాలంలోనూ ఉందని చెప్పకపోతే చరిత్రను చరిత్రగా కాక పూలదండగా రాసినట్టవుతుంది.

కార్మిక శాఖ కుర్చీలో

1962లో సంజీవయ్య అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక, ఉపాధి శాఖ మంత్రి అయ్యారు. 1965లో బోనస్ చెల్లింపు చట్టం ఆయన మంత్రిగా ఉండగానే వచ్చింది. కార్మిక సంఘాలు ఆయన్ను ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది దీనికోసమే.

మా విషయానికి కావాల్సింది ఆ శాఖలోని ఇంకో భాగం. యుద్ధం ముగిసే వేళ, 1945లో, అంబేడ్కర్ కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడే, యుద్ధం నుంచి తిరిగొచ్చేవాళ్లకు పని చూపే డైరెక్టరేట్ ఒకటి మొదలైంది. ఉపాధి కార్యాలయాలు, శిక్షణ కేంద్రాలు దాని కింద పెరిగాయి. 1950లో వృత్తి శిక్షణ పథకం కింద సుమారు 50 ఐటీఐలు మొదలయ్యాయి. 1956లో వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వెళ్లినా, సిలబస్, ప్రమాణాలు, సర్టిఫికెట్ ఢిల్లీలోని ఉపాధి, శిక్షణ డైరెక్టరేట్ జనరల్ చేతిలోనే ఉన్నాయి. 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. కర్మాగారాలు కుర్రాళ్లను చేర్చుకుని పని నేర్పాలని అది చెప్పింది. ఇవన్నీ కార్మిక శాఖ కిందివే. అంబేడ్కర్ వేసిన పునాది మీద ఇరవై ఏళ్లకు సంజీవయ్య వచ్చి కూర్చున్నారు. మధ్యలో 1946 నుంచి 1952 దాకా అదే శాఖను చూసినది జగ్జీవన్ రామ్.

ముగ్గురు దళిత నేతలు, ఒకే శాఖ. ఇది యాదృచ్ఛికమని మేము అనుకోవడం లేదు. శ్రమ వీళ్లది కాబట్టి శ్రమ శాఖ వీళ్లకు ఇచ్చారు. కేంద్ర విద్యాశాఖ మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి సంజీవయ్య కన్నుమూసే దాకా ఒక్క దళితుడి చేతికీ రాలేదు. దీని ఫలితం ఏమిటంటే, పని నేర్పే శాఖ ఒకరి దగ్గర, పని నేర్చుకోవడానికి కావాల్సిన అక్షరం ఇంకొకరి దగ్గర. కార్మిక మంత్రి ఎన్ని ఐటీఐలు తెరిచినా, అందులోకి ఎవరు రాగలరన్నది ఆయన నిర్ణయించలేరు. దాన్ని ఎనిమిదేళ్ల ముందే ఊరి బడి నిర్ణయించేస్తుంది.

సంజీవయ్య కార్మిక మంత్రి అయిన మరుసటి నెలలోనే, 1964 జులైలో, కేంద్రం కొఠారీ విద్యా కమిషన్‌ను వేసింది. 1966 జూన్‌లో నివేదిక వచ్చేటప్పటికి ఆయన పరిశ్రమల మంత్రిగా మారారు. కమిషన్ రెండు సంగతులు కలిపి చెప్పింది. దిగువ సెకండరీ దశలో ఐదో వంతు మంది, పది తర్వాత సగం మంది వృత్తి విద్యలో ఉండాలంది. దానితో పాటు ఊళ్లో అందరి పిల్లలూ ఒకే బడిలో చదివే ఉమ్మడి పాఠశాల వ్యవస్థ కావాలంది. జాతీయ ఆదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు పెట్టాలంది. వృత్తి విద్య మాటను ప్రభుత్వాలు పట్టుకున్నాయి. ఉమ్మడి బడిని వదిలేశాయి. ఆరు శాతం నేటికీ రాలేదు. ఆ రెండింటినీ విడదీసినప్పుడే వృత్తి విద్య అంటే పేదపిల్లల చదువు అన్న ముద్ర గట్టిపడింది.

బయటి దేశాలు చేసింది ఇదే క్రమంలో కాదు. జపాన్ 1872లోనే అందరికీ ప్రాథమిక విద్య చట్టం తెచ్చి, ఆ తర్వాతి దశాబ్దాల్లో దాదాపు పిల్లలందరినీ బడిలో కూర్చోబెట్టింది. జర్మనీలో కుర్రాళ్లు వారంలో కొన్ని రోజులు కర్మాగారంలో, కొన్ని రోజులు వృత్తి బడిలో గడుపుతారు. అంతకు ముందే వాళ్లకు చదవడం, లెక్క వేయడం గట్టిగా వచ్చి ఉంటుంది. గీసిన నమూనాను చదవలేనివాడు టర్నర్ కాలేడు. భిన్నాలు రానివాడు కొలత తీయలేడు. మనం పునాది వదిలేసి పైకప్పు శిక్షణ ఇస్తున్నాం.

చేతిలో ఉన్నది నైపుణ్యం కాదా?

ఇక్కడ ఇంకో వైపు కూడా చూడాలి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు. సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్న కాలమంతా ఆ పని సాగింది. ప్రపంచంలోని పెద్ద రాతికట్టడపు ఆనకట్టల్లో అది ఒకటి. రాయి కొట్టినవాళ్లు, మోసినవాళ్లు, పేర్చినవాళ్లు వడ్డెరలు, పాలమూరు కూలీలు, మాల మాదిగలు. ఏ రాయి ఎక్కడ పగులుతుందో, ఏ రాయి మీద ఏది కూర్చుంటుందో వాళ్లకు తెలుసు. ఆ తెలివిని ఏ ప్రభుత్వ పత్రం నైపుణ్యమని రాయలేదు. కూలి అని రాసింది.

తోలు శుద్ధి చేసే మాదిగల పనిలో రసాయన శాస్త్రం ఉంది. సంజీవయ్య ఇంట్లోని నేతపనిలో లెక్క ఉంది. పోగుల లెక్క తప్పితే బట్ట రాదు. ఆ చేతుల్లో తరాల నుంచి ఉన్న విద్యను బడి గుర్తించి, దానికి అక్షరం, శాస్త్రం, కాగితం జోడించి ఉంటే దేశానికి నిపుణుల కొరత ఉండేది కాదు. బదులుగా పనిని కులానికి కట్టేసి, కాగితాన్ని ఇంకో కులానికి ఇచ్చారు. పని తెలిసినవాడికి కాగితం లేదు, కాగితం ఉన్నవాడికి పని రాదు. అంగళ్లు రోడ్డు మీద మేము విన్న రెండు ఫిర్యాదులకు మూలం ఇక్కడ ఉందని మా అభిప్రాయం.

1970లో సంజీవయ్య మళ్లీ కార్మిక శాఖకు వచ్చారు. ఆ ఏడాదే కార్మిక సమస్యల మీద, పారిశ్రామిక అభివృద్ధి మీద ఇంగ్లిషులో ఆయన పుస్తకం వెలువడింది. 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. 51 ఏళ్లు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఆయన సమాధి ఉంది.

ఆయన పోయిన మరుసటి ఏడాది, 1973లో, అప్రెంటిస్‌ల చట్టాన్ని సవరించారు. శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ అప్పుడు చట్టంలోకి వచ్చింది. 1961 చట్టంలో అది లేదు. ఒక దళిత మంత్రి రెండు విడతలు ఆ శాఖను చూసినా ఆ సవరణకు అంతకాలం పట్టింది. కుర్చీలో మనవాడు ఉండటం అవసరమే, అదొక్కటే సరిపోదు. ఆయన జీవితం నుంచి మేము నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి.

మళ్లీ అంగళ్లు రోడ్డు మీద

ఇప్పుడు సంజీవయ్య పేరుతో విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. నెల్లూరు జిల్లా తీరంలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో పార్కు ఉంది. ఆ విద్యుత్ కేంద్రంలో యంత్రాల ముందు కూర్చున్నవాళ్లెవరు, బూడిద ఎత్తేవాళ్లెవరు అని ఎవరైనా లెక్క తీస్తే, ఆయనకు అదే సరైన నివాళి అవుతుంది.

ఐటీఐల పని కార్మిక శాఖ నుంచి 2014లో ఏర్పడిన నైపుణ్యాభివృద్ధి శాఖకు మారింది. మన రాష్ట్రంలో నైపుణ్య గణన మాట నడుస్తున్నది. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే పిల్లలకు వృత్తుల పరిచయం ఉండాలంటున్నది. దీన్ని చూడగానే కాదనడం మా ఉద్దేశం కాదు. రిషివ్యాలీలో చదివే పిల్లలూ, కాలనీ బడి పిల్లలూ ఇద్దరూ వడ్రంగం నేర్చుకుంటే, ఇద్దరూ ఆల్జీబ్రా నేర్చుకుంటే అది మంచి విద్య. కాలనీ పిల్లకు వడ్రంగం, ఇంకో పిల్లకు ఆల్జీబ్రా అయితే అది 1953 నాటి సగం పూట బడే.

చదువు నాణ్యత పల్లెలో సాధ్యం కాదన్న సాకు కూడా చెల్లదు. రిషివ్యాలీ వాళ్ల గ్రామీణ విద్యాకేంద్రం ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే, ఒకే పంతులు వేర్వేరు తరగతుల పిల్లలకు ఒకే గదిలో చదువు చెప్పే పద్ధతిని కార్డులతో రూపొందించింది. దాన్ని ఎన్నో రాష్ట్రాలు తీసుకున్నాయి. ఇదే మట్టిలో అది సాధ్యమైనప్పుడు ప్రతి వాడ బడిలో ఎందుకు సాధ్యం కాదన్నది డబ్బుకు, మనసుకు సంబంధించిన ప్రశ్న. 2023లో అసర్ సర్వే దేశంలోని గ్రామీణ ప్రాంతాల 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించింది. నాలుగో వంతు మంది తమ మాతృభాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగం మంది కూడా లేరు. ఈ పిల్లలకు మూడు నెలల శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెడితే నైపుణ్యం వస్తుందా?

1930లలో ఒక అన్న కూలికి పోయి తమ్ముణ్ణి బడికి పంపాడు. ఆ తమ్ముడు జిల్లాకు మొదటివాడై, రాష్ట్రానికి ముఖ్యమంత్రై, దేశానికి కార్మిక మంత్రి అయ్యాడు. అలాంటి కథలు మనకు ఇంకా కావాలని మేము కోరుకోవడం లేదు. ఒకరు చదవడానికి ఇంకొకరు కూలికి పోవాల్సిన అవసరం లేని బడి కావాలని కోరుకుంటున్నాం. సంజీవయ్య జయంతికి దండ వేసే ప్రతి నాయకుడినీ మన కాలనీల నుంచి ఒక్క మాట అడగాలి: ఈ ఊరి సర్కారు బడిలో ఐదో తరగతి పిల్లకు భాగహారం వస్తుందా? దానికి జవాబు చెప్పాకే నైపుణ్యం గురించి మాట్లాడమనాలి.